చదివితిని అను మాట

సికిందరాబాదు రైలు స్టేషనునకు కొలది దూరమున పద్మారావు నగరమను పేట కలదు. చిన్న గుట్టమీద వెలసిన స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి ఆలయము ఆ పేటకు గుర్తు. ప్రాతకాలపువారు కొందరు ఈ ప్రాంతమును నేటికిని వాకర్ టౌన్ అని పిలుచుచుందురు. సమీపముననే గాంధీ వైద్యశాల యుండుటచే ఆ త్రోవలలో రేయింబవళ్లు మనుష్యసంచారము తరుగదు. ముప్పదియారు సంవత్సరములు నల్లగొండ జిల్లా పాఠశాలలలో తెలుగు బోధించి, తుదకు ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేసిన పిమ్మట, నేను మా కుమారుని యింట నుండుటకై ఈ పేటకు వచ్చితిని.

బడిగంట వినబడని ప్రొద్దులు నాకు మిక్కిలి దీర్ఘముగా తోచెను. ఉదయము గుడివరకు నడచుట, సాయంకాలము వరండాలో కూర్చుండుట, ఇదియే నా దినచర్య. ఇట్లుండగా మా పొరుగింటి పెద్దమనిషి యొకనాడు నాకడకు వచ్చెను. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించినవాడు.

"సారూ, నెలకొక ఆదివారం మేము కొందరం కూర్చుండి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. మీరు పండితులు. మీరు రాకుంటే ఎట్లా?" అని ఆయన అడిగెను.

పండితుడను మాట నా చెవికి తీయగా నుండెను. ఆ తీపియే నన్ను తరువాత చిక్కున పడవేసినదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

మా గోష్ఠి ప్రతి మాసమున రెండవ ఆదివారము నాలుగు గంటలకు ఒక సభ్యుని మేడమీది గదిలో జరుగును. నేల నిండ చాపలు పరతురు. పదునైదుగురు సభ్యులము. అందు గార్డుగారు కలరు, వైద్యశాలలో పనిచేయు నర్సు కలదు, బట్టలు కుట్టు దర్జీ కలడు, ఇద్దరు కళాశాల విద్యార్థులు కలరు, గృహిణులు కలరు. అందరికంటె చిన్నది ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక. అమ్మమ్మకు చూపు మందగించినందున, మొదట ఆమెకు పుస్తకము చదివి వినిపించుటకై వచ్చి, క్రమముగా తానును సభ్యురాలైనది.

పదునైదు ప్రతులు కొనుట అందరికి భారమగును. కావున చందాలు వేసికొని అయిదు ప్రతులు మాత్రమే కొందుము. ఒక్కొక్క ప్రతి మూడిండ్లకు తిరుగును. ఒక్కొక్క యింట పది దినములుండును. లోపలి అట్టమీద ఒక కాగితము అంటించి యుండును. పుస్తకము తన చేతినుండి తరువాతి యింటికి పంపుచు, ప్రతి సభ్యుడును ఆ కాగితముపై తన పేరును, తేదిని వ్రాసి, వానిప్రక్క 'చదివితిని' అని సంతకము చేయవలెను. దానిని మేము నియమముగా పాటించుచుంటిమి.

గోష్ఠిలో పెద్ద ఉపన్యాసములు లేవు. ఒకరు పుస్తకమును పరిచయము చేయుదురు. పిదప ప్రతివారును తమకు తోచినది చెప్పుదురు. దర్జీ మాటకును, కళాశాల విద్యార్థి మాటకును అచ్చట ఒకే విలువ. చివర తేనీరు. కొన్ని మారులు తేనీరు చల్లారిపోవును గాని వాదము చల్లారదు.

ఒకనాడు రాబోవు మాసమునకు ఏ గ్రంథమును ఎన్నుకొందమను ప్రశ్న వచ్చెను. అప్పుడు నర్సు ఇట్లనెను: "మన సికిందరాబాదులోనే పుస్తకాలు అచ్చువేసి, ఊరూరా తిరిగి అమ్మిన మనిషి రాసిన నవల ఉంది. దాన్ని మనం చదవవద్దా?"

ఆమె చెప్పినది వట్టికోట ఆళ్వారుస్వామి వ్రాసిన 'ప్రజల మనిషి' అను నవలను గూర్చి. ఆ పేరు వినగానే నేను నిటారుగా కూర్చుంటిని. ఆళ్వారుస్వామి 1915లో మా నల్లగొండ జిల్లాలో జన్మించినవాడు. ఆయనను గూర్చి నేను తరగతిలో ఎన్ని మారులు చెప్పియుంటినో లెక్కలేదు. ఆనాడు ఎవరును అడుగకుండగనే నేను చెప్పనారంభించితిని.

నిజాము రాజ్యములో రాజభాష ఉర్దూ. తెలుగు చదువగోరువారికి బడికంటె గ్రంథాలయమే పెద్ద ఆశ్రయముగా నుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు దానికై పాటుపడిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమును, 1905లో మన సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును నెలకొనినవి. తీరాంధ్రమున సైతము గ్రంథాలయోద్యమము బలపడెను. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా కాలువమీద ఒక పడవయే గ్రంథాలయమై పల్లెలకు పోయెను.

ఆళ్వారుస్వామి బాల్యముననే తండ్రిని కోల్పోయెను. పరుల యిండ్ల వంటచేసి, వారి పనులుచేసి, ఆ యాశ్రయముననే చదువు నేర్చెను. భోజనశాలలో పనిచేసెను. గోలకొండ పత్రికలో అచ్చుప్రతులు దిద్దెను. 1938లో సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. పుస్తకములు ప్రచురించి ఊరకుండక, వాటి మూటను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. స్వాతంత్ర్యోద్యమమునను, ప్రజాపోరాటములందును పాల్గొని కారాగారవాసము చేసెను. నిజామాబాదు కారాగారమున దాశరథి కృష్ణమాచార్యులు ఆయనకు తోడుగానుండెను. దాశరథి తన 'అగ్నిధార' కావ్యమును ఆయనకే అంకితమిచ్చెను. 'ప్రజల మనిషి' 1955లో వెలువడెను. ఆళ్వారుస్వామి 1961లో దివంగతుడయ్యెను.

ఇవన్నియు నేను ఒక్క బిగిని చెప్పితిని. సభ్యులు సంతోషించిరి. "ఈ నవలను మీరే పరిచయం చేయాలి" అని నాకు అప్పగించిరి.

మూడవ దినమున పుస్తకము మా యింటికి వచ్చెను. నేను దానిని బల్లమీద నుంచితిని. నా కండ్లద్దములు దానిమీద నుంచితిని. మరునాడు కండ్లద్దములు తీసికొంటిని గాని పుస్తకము తీయలేదు. నలుబది సంవత్సరముల క్రిందట కళాశాలలో నున్నప్పుడు ఆ నవల నా చేతికి వచ్చినది. నిజము చెప్పవలెనన్న అప్పుడును కొన్ని పుటలే తిరుగవేసి, తక్కినది ఉపన్యాసములలో విని, వ్యాసములలో చూచి తెలిసికొంటిని. 1963లో సికిందరాబాదున వెలసిన యువభారతి 'లహరులు' అను పేర సాహిత్యోపన్యాసములు జరిపి, వాటిని తక్కువ వెలకు పుస్తకములుగా అచ్చువేసెడిది. అట్టి పుస్తకములు నా విద్యార్థిదశలో నాకు ఎంతో మేలుచేసినవి. మూలగ్రంథమునకు దారి చూపుటకై వారు వాటిని వేసిరి. నేను దారి చూచి, ఊరు చూచినట్లే భావించితిని. ఆ తప్పు నాదే.

పది దినములు గడచెను. పుస్తకము పంపవలసిన దినము వచ్చెను. అట్టలోపలి కాగితముపై నా పేరు వ్రాసితిని. తేది వేసితిని. తరువాత, చేయి వణకకుండగనే, 'చదివితిని' అని వ్రాసి సంతకము చేసితిని. ఆ ప్రతి నా తరువాత ఆ బాలిక యింటికి పోయెను.

గోష్ఠి దినమున నేను అరగంట మాటలాడితిని. రచయిత జీవితము, కారాగారవాసము, గ్రంథమాల, ఏదియు విడువలేదు. చివరకు, "ఈ నవలలో 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటము కన్నులకు గట్టినట్లు వర్ణితమైనది" అని ముగించితిని. అందరు చప్పట్లు కొట్టిరి.

అప్పుడు చాపమీద ఒక మూల కూర్చున్న ఆ బాలిక మెల్లగా చేయి యెత్తెను.

"సార్, నాకొక అనుమానం. కథ జరిగేది దిమ్మెగూడెంలో కదా! కంఠీరవం, దొర రామభూపాలరావు, ఊళ్లో జనం పడే బాధలు, వాళ్లు నెమ్మదిగా ధైర్యం తెచ్చుకోవడం, ఇవన్నీ ఉన్నాయి. కానీ మీరు చెప్పిన సాయుధపోరాటం దాకా కథ రాలేదు సార్. అంతకు ముందే అయిపోయింది."

గదిలో నిశ్శబ్ద మలముకొనెను. నా గుండె ఒక్కమారు జల్లుమనెను. నాకు తెలియదని చెప్పుటకు అది తగిన సమయము. కాని ముప్పదియారేండ్లు బల్ల వెనుక నిలిచి మాటలాడిన అలవాటు నా నోటిని ముందుగా కదలించెను.

"నీవింకను చిన్నదానవు తల్లీ! నవలలోని అంతరార్థము పెద్దయిన తరువాత బోధపడును" అంటిని.

ఒకరిద్దరు నవ్విరి. ఆ నవ్వులో చెడుతలంపు లేదు. కాని ఆ బాలిక ముఖము చిన్నబోయెను. ఎత్తిన చేయి దించి, అమ్మమ్మ ప్రక్కన సర్దుకొని కూర్చుండెను. తేనీటి వేళకు నేను చూచునప్పటికి వారిరువురును వెళ్లిపోయియుండిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎప్పుడో మరచిన తరగతి గది యొకటి కన్నులముందు నిలిచెను. ఒక బాలుడు పాఠములోని యొక మాటను గూర్చి ఏదో అడిగెను. "అది పరీక్షలో రాదు, కూర్చో" అని నేనంటిని. అతడు మరల ఎన్నడును లేచి ప్రశ్న అడిగిన జ్ఞాపకము నాకు లేదు. నేను ఎంతమందికి రచయితల జననసంవత్సరములు, గ్రంథముల జాబితాలు, బిరుదములు వ్రాయించితినో! ఆ గ్రంథములలో ఎన్నింటిని వారిచే తెరిపించితిని? ఎన్నింటిని నేను తెరచితిని?

తెల్లవారగనే గార్డుగారి యింటికి పోయి ఆయనవద్దనున్న ప్రతిని తెచ్చుకొంటిని. ఆ దినమును, మరునాడును మరియొక పని పెట్టుకొనక మొదటి పుటనుండి చివరి పుటవరకు చదివితిని. ఆ బాలిక చెప్పినదే నిజము. కథ సాయుధపోరాటమునకు పూర్వకాలమునాటిది. పోరాటము పుట్టుటకు ముందు పల్లెలో భయము ఎట్లుండెనో, అది ఎట్లు కొంచెము కొంచెముగా సడలెనో అందు కలదు. నేను రచయిత జీవితములోని సంవత్సరములను తెచ్చి ఆయన నవలలో అతికించితిని. మనిషిని గూర్చి తెలిసియున్నంత మాత్రమున ఆయన పుస్తకము తెలిసినదని నమ్మితిని.

నాకు మరియొక చింత కలిగెను. కూలిపని చేసి, మూట మోసి, ఎండలో నడచి ఆ మనిషి పుస్తకములను ఇంటింటికి చేర్చెనే! ఏ శ్రమయు లేకుండ నా బల్లమీదికే వచ్చిన ఆయన పుస్తకముపై నేను కండ్లద్దములు పెట్టుకొంటిని.

తరువాతి గోష్ఠికి ఆ బాలిక రాలేదు. అమ్మమ్మ మాత్రము వచ్చెను. అడుగగా, "పరీక్షలు సారూ" అని ముక్తసరిగా పలికెను. ఆనాడు నేనును ఏమియు మాటలాడలేకపోతిని. నిజము చెప్పవలసినది మొదట సభకు కాదు, ఆ పిల్లకు అని నాకు తోచెను.

మరునాటి సాయంకాలము వారి యింటికి పోయితిని. ఆ బాలిక గడపలో కూర్చుండి లెక్కలు చేయుచుండెను. నన్ను చూచి లేచి నిలిచెను. అమ్మమ్మ "రండి సారూ, కూర్చోండి" అని కుర్చీ వేసెను. నేను కూర్చుండలేదు.

"బిడ్డా, ఆనాడు నీవు చెప్పినదే సరి. నేను చెప్పినది తప్పు. అంతేకాదు, నేను ఆ పుస్తకం చదవకుండానే చదివినానని సంతకం చేసినాను. గోష్ఠి అయిన తరువాత చదివినాను" అంటిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. తల వంచి కలముమూతను త్రిప్పుచుండెను. పిదప ఇట్లనెను:

"మీ సంతకం చూసినాను సార్. మీరు గోష్ఠిలో అట్లా చెప్పేసరికి, చదివినవారు తప్పు చెప్పరు కదా, నేనే ఎక్కడో పుటలు వదిలేసి ఉంటానని అనుకున్నాను. ఇంటికి వచ్చి మళ్లీ మొదటినుంచి చదివినాను. రెండోసారి కూడా కనబడలేదు. అప్పుడు నాకు చదవడమే రాదేమోనని భయమేసింది."

బాలబాలికలారా! నేను ఉపాధ్యాయవృత్తిలో ఎన్నియో నిందలు వింటిని. ఎన్నియో పొగడ్తలు వింటిని. ఏదియు ఈ మాటవలె నన్ను తాకలేదు. నేను వ్రాసిన ఒక్క అబద్ధపు మాటను నమ్మి, నిజము కనుగొన్న పిల్ల తన కన్నులనే శంకించినది. తనకు చదువు రాదేమోనని భయపడినది. ఆ కాగితముపై నేను వ్రాసిన ఆ మాట ఐదక్షరములు మాత్రమే.

ఆమెను గోష్ఠికి రమ్మని నేను బలవంతము చేయలేదు. "నీవు వచ్చినను రాకున్నను, ఈ మాట అందరి ముందరను చెప్పెదను" అని మాత్రము చెప్పి వచ్చితిని.

ఆ తరువాతి ఆదివారమున అమ్మమ్మ చేయిపట్టుకొని ఆ బాలిక మెట్లెక్కి వచ్చుట చూచి నా మనస్సు కుదుటబడెను. అందరును కూర్చున్న పిదప నేను ఆ పుస్తకము తెరచి, అట్టలోపలి కాగితమును చూపి, జరిగినదంతయు చెప్పితిని. 'చదివితిని' అను మాటను కలముతో కొట్టివేసితిని. దాని క్రింద చదువు ముగించిన నిజమైన తేదిని వేసి మరల సంతకము చేసితిని. ఈ మారు చేయి కొంచెము వణకెను.

ఎవరేమందురోయని నేను తల వంచుకొని యుంటిని. మొదట పలికినవాడు గార్డుగారు. ఆయన గొంతు సవరించుకొని, "సారూ, దాచిపెట్టి ఏం లాభం? మొన్నటి పుస్తకం నేనూ సగమే చదివి సంతకం పెట్టిన" అనెను. దర్జీ నవ్వి, పండుగరోజులలో కుట్టుపని మీదపడి తాను ఒక మాసము చివరి ప్రకరణము మాత్రమే చూచితినని చెప్పెను. కళాశాల విద్యార్థులలో ఒకడు ఏమియు అనక కిటికీవైపు చూచుచుండెను. అది చూచి అందరమును నవ్వితిమి. ఆ నవ్వుతో గదిలోని బరువు దిగిపోయెను.

"తప్పు మనది మాత్రమే కాదు, కాగితానిది కూడా" అని నర్సు అనెను. "మేము రోగి చీటీమీద ఇచ్చిన మందు రాస్తాం, ఇవ్వని మందు ఇవ్వలేదని రాస్తాం. ఇవ్వలేదని రాసినందుకు ఎవరూ సిగ్గుపడరు. ఇచ్చినట్లు అబద్ధం రాస్తేనే ప్రమాదం. మన కాగితంలో చదవలేదని రాసే చోటే లేదు."

ఆమె మాట అందరికి నచ్చెను. ఆనాటినుండి మా కాగితముపై మూడు గడులు ఏర్పడినవి: చదివితిని, కొంత చదివితిని, చదువలేదు. ఏ గడిలో వ్రాసినను సభ్యునకు గోష్ఠిలో కూర్చుండు హక్కు కలదు. మరియొక నియమము కూడ చేసితిమి. పుస్తకములో ఇట్లున్నదని చెప్పువాడు ఆ పుట తెరచి చూపవలెను. పెద్దలకైనను, పండితులకైనను ఇందు మినహాయింపు లేదు.

ఈ నియమములు వచ్చినపిమ్మట మా గోష్ఠి చెడిపోవునని కొందరు శంకించిరి. చదువనివారు పెరుగుదురని వారి భయము. మొదటి మాసమున 'చదువలేదు' అను గడిలో నాలుగు సంతకములు కనబడినమాట నిజమే. కాని ఆ నలుగురును మౌనముగా కూర్చుండక తక్కినవారిని ప్రశ్నలు అడిగిరి. ఆ ప్రశ్నలు విని ఆ పుస్తకమును వారే మరల అడిగి తీసికొనిపోయిరి. ఇదివరలో గోష్ఠి ముగిసిన వెంటనే ప్రతులన్నియు బీరువా చేరుచుండెను. ఇప్పుడు గోష్ఠి ముగిసినతరువాత కూడ అవి తిరుగుచున్నవి.

మీరును పాఠశాలలో ఎన్నియో గ్రంథముల పేరులు నేర్చుచున్నారు. రచయితల పేరులు, సంవత్సరములు కంఠస్థము చేయుచున్నారు. అవియు అవసరమే. కాని అవి తలుపుమీది పేరుపలకలు మాత్రమే. పలక చదివి వీధివెంట పోవువాడు ఆ యింటివారిని ఎరుగడు. ఒక పుస్తకమును మీరు చదువనియెడల, చదువలేదని చెప్పుడు. అందు సిగ్గులేదు. చదివియుండి, పెద్దలు వేరుగా చెప్పినయెడల, వినయముతో చేయి యెత్తి పుట తెరచి చూపుడు. పెద్దవారి సంతకముకంటె తెరచిన పుట ఎక్కువ సాక్ష్యము.

గడచిన మాసమున నేను పనిమీద ఊరికి పోవలసివచ్చి, పుస్తకమును సగమువరకే చదువగలిగితిని. పది దినములు నిండినవి. దానిని తీసికొనిపోవుటకు ఆ బాలికయే మా యింటికి వచ్చెను. ఆమె ఎదుటనే కలము తీసి, రెండవ గడిలో 'కొంత చదివితిని' అని వ్రాసి సంతకము చేసితిని. ఆమె అది చూచి చిరునవ్వు నవ్వెను.

"ఎక్కడిదాకా చదివినారు సార్?" అని అడిగెను.

నేను పుట చూపితిని. ఆమె తన లెక్కలపుస్తకములోనుండి ఒక కాగితపు ముక్క చింపి, ఆ పుటలో గుర్తుగా నుంచెను.

"నేను తొందరగా చదివి తెచ్చి ఇస్తాను. ఇక్కడినుంచి మీరు మొదలుపెట్టవచ్చు" అని చెప్పి, పుస్తకమును రొమ్మునకు హత్తుకొని మెట్లు దిగి పోయెను.